డీసీ (డిప్యూటీ కమిషనర్) కన్వర్షన్ అయిన సైటుకు రాజకాలువ బఫర్ (వాన నీటి కాలువ పక్కన కట్టడాలు కట్టకూడని స్థలం) వర్తిస్తుందా? (బెంగళూరు)

సర్జాపుర_కొత్తఏజెంట్
కర్ణాటక రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంటుగా నమోదుకు చదువుకుంటున్నాను. వర్తూరు వైపు ఒక లేఅవుట్‌లో 30×40 సైట్లు అమ్మకానికి ఉన్నాయి. కన్వర్షన్ ఉంది, మాస్టర్ ప్లాన్‌లో పసుపు రంగే (నివాస ప్రాంతం). పక్కనే స్లాబు కప్పిన కాలువ ఉంది. బఫర్ అడ్డొస్తుందా?

గుంట_కొలత
వస్తుందండి. కన్వర్షన్ అంటే 1964 భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద సాగు నేలను వేరే పనికి వాడుకునే అనుమతి, అంతే. 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం చెరువుకు 30 మీటర్లు, రాజకాలువల్లో ప్రైమరీకి (పెద్దది) 50, సెకండరీకి (మధ్యరకం) 25, టర్షియరీకి (చిన్నది) 15. ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) 2016లో చెరువుకు 75 మీటర్లు చెప్పింది, 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ 75 ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బేరం కుదిరే ముందు ప్లానింగ్ అథారిటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

కాలువకు కొలిచేది గట్టు నుంచి కాదు, నడిమధ్య నుంచి. 15 మీటర్లంటే 49 అడుగులు. చిన్న టర్షియరీ కాలువను ఆనుకుని ఉన్నా 40 అడుగుల లోతు సైటు పూర్తిగా బఫర్‌లో పడుతుంది.

సర్జాపుర_కొత్తఏజెంట్
మ్యాపులో కాలువ ఒకచోట, నేల మీద ఇంకోచోట ఉంటే?

గుంట_కొలత
మ్యాపులో ఉన్నదే లెక్క. కాలువను పక్కకు జరిపేసి పాత దారి మీద సైట్లు వేయడం ఇక్కడ మామూలే. అయితే విలేజ్ మ్యాప్ స్కేలు 1:7920, అంటే 1 మిల్లీమీటరు దాదాపు 8 మీటర్లు. 15 మీటర్ల బఫర్ దాని మీద 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. సర్వే నంబర్లు చూపే ప్రభుత్వ యాప్ దిశాంక్ మొదటి వడపోతకే పనికొస్తుంది. టిప్పణి (పాత సర్వే కొలతల పటం), ఆకారబంద్ (విస్తీర్ణం రికార్డు) తీసి లైసెన్సు సర్వేయర్ చేత హద్దులు వేయించాలి.

పహణీలో 3వ కాలమ్ తప్పక చూడండి. ఖరాబు అంటే సాగుకు లెక్కలోకి రాని నేల. ఎ ఖరాబు పట్టాదారుదే, బి ఖరాబు దారికీ వాగుకీ వదిలిన ప్రభుత్వ నేల. మొత్తం 4 ఎకరాల 20 గుంటల్లో బి ఖరాబు 12 గుంటలుంటే అమ్మదగ్గది 4 ఎకరాల 8 గుంటలే. అది తీసేయకుండా ప్లాను గీస్తే 13,068 చదరపు అడుగులు, అంటే పది సైట్లకు పైగా ప్రభుత్వ నేల మీదే ఉన్నట్టు.

మట్టి_నీరు
కాగితాలు సరిగ్గా ఉన్నా నేల మోసం చేయొచ్చు. చెరువు పల్లంలో 2 మీటర్లు తవ్వి చూడండి. ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, నల్ల బురద తగిలితే అది పూడ్చిన నేల, పునాది ఒక పక్కకు కుంగుతుంది. బోరు నీళ్లకు ల్యాబ్ పరీక్ష చేయించండి. వర్తూరు వైపు మురుగు ఊరుతుంది కాబట్టి నైట్రేట్ (లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు) ముఖ్యం, పారిశ్రామిక వాడ పీణ్యా వైపైతే క్రోమియం (హద్దు 0.05).

తెలిసినది దాచి అమ్మొద్దు. రెరా 10వ సెక్షన్ ఉల్లంఘిస్తే ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయలు, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా.