సాలూరి వారి అబ్బాయి అనకుండా కోటిని వినలేమా?

పాత హార్మోనియం: మా ఇంట్లో సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారికి దేవుడి పటం పక్కనే చోటు. ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’, ‘విప్రనారాయణ’ తప్ప ఇంకో క్యాసెట్ కొంటే నాన్నగారు రెండు రోజులు మాట్లాడేవారు కాదు. ఆయన అబ్బాయి కోటి, రాజ్ గారితో జంటగా కట్టిన రాజ్–కోటి పాట రేడియోలో వస్తే లేచి వెళ్ళి కట్టేసేవారు. అంతటివాడికి పుట్టి ఈ డబ్బాల మోతేమిటని. నేనూ మొన్నమొన్నటి దాకా అదే పాట పాడాను.

పోయిన నెల మా అమ్మాయి ‘యముడికి మొగుడు’లో ‘అందం హిందోళం’ పెట్టింది. పేరుకే హిందోళంలే అని నవ్వి, ఊరికే హార్మోనియం తీశా. హిందోళ రాగం స్వరాలు స గ మ ద ని. పల్లవి ఆ మెట్ల మీదే నడుస్తోంది. రిషభం లేదు, పంచమం లేదు. పెద్దాయన ‘పగలే వెన్నెల’ కట్టిన రాగం! అదే రాగంతో ఈయన చిరంజీవి చేత స్టెప్పులేయించారు. ఇన్నాళ్ళూ మొండిగా చెవులు మూసుకున్నానని సిగ్గేసింది.

నాలుగో తీగ: 1988 సినిమా అది. పేరు రాజ్–కోటి అని పడింది. ఆ పాటలో కోటి వాటా ఎంతో మీకెలా తెలిసింది?

రాత్రి షిఫ్టు: ట్యూన్ ఒకరిది, ఆర్కెస్ట్రా ఒకరిది అంటారుగా.

నాలుగో తీగ: అనేవాళ్ళు ఆ గదిలో ఉన్నారా? ఇద్దరూ కలిసి చేసిన పనికి ఒక్కరికే దండ వేయడం అన్యాయం. రాజ్ గారు 2023లో పోయారు, పాపం ఆయనకు అప్పుడూ ఇదే జరిగింది.

మిరపకాయ బజ్జీ: రాజ్ గారు మాత్రం ఎవరు, టి.వి.రాజు గారి అబ్బాయి. ‘పాండురంగ మహత్యం’ సంగీతం ఆ తండ్రిదే. వీళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్, అదే మన ఏ.ఆర్.రెహమాన్, మలయాళంలో పనిచేసిన ఆర్.కె.శేఖర్ కొడుకు. ఆ గదిలో ముగ్గురూ కొడుకులే!

పాత హార్మోనియం: నాలుగో తీగ గారూ, వాటాల లెక్కే కావాలంటే విడిపోయాక వచ్చినవి తీసుకోండి. ‘పెదరాయుడు’, ‘హిట్లర్’, ‘నువ్వే కావాలి’, ‘నువ్వు నాకు నచ్చావ్’. వీటిలో ఎవరి వాటా ఎంత?

నాలుగో తీగ: ‘సిసింద్రీ’ రాజ్ గారు ఒక్కరే చేశారు. దాని గురించి ఎవరూ చర్చ పెట్టరు.

రాత్రి షిఫ్టు: మీరు పెట్టండి సార్, మేం వస్తాం.

నాలుగో తీగ: వెటకారం వద్దు. నేను మా ఊరి ఆర్కెస్ట్రాలో పదకొండేళ్ళు వయొలిన్ వాయించాను. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు. మొత్తం తొమ్మిదిమందిమి. రాజ్–కోటి పాటలు ఊపేస్తున్న రోజుల్లో మా మేనేజరు ఒక కీబోర్డు కొన్నాడు. దాని మీద ‘స్ట్రింగ్స్’ అని ఓ మీట ఉండేది. కుర్రాడు అది నొక్కితే మేం నలుగురం వాయించినట్టే వినపడేది. ఆ చవితికి మా నలుగురినీ రావద్దన్నారు. అంతకుముందు కచేరీ తాలూకు నూటయాభై ఇప్పటికీ బాకీ.

మిరపకాయ బజ్జీ: ఆ నూటయాభై కోటి గారిని అడుగుతారా ఏంటి?

పాత హార్మోనియం: బజ్జీ, ఊరుకో. సార్, మీ బాధ అర్థమైంది. కానీ కీబోర్డు ఆయనొక్కరే వాడారా? అప్పుడు అందరూ వాడారు.

నాలుగో తీగ: అందరి మీదా నాకు కోపం లేదు. వాళ్ళకు తెలియదు, వాడారు. పది వయొలిన్లు ఒక్కసారి లేస్తే ఎలా ఉంటుందో తెలిసిన ఇంట్లో పుట్టినవాడు ఆ తలుపు మూయకూడదు. ఆయనకు ఆ బాధ్యత ఉంది.

పాత హార్మోనియం: ఇప్పుడు దొరికారు. మీకు కావాల్సింది సంగీత దర్శకుడు కాదు, తండ్రి ఇంటికి కాపలా మనిషి. అసలు పెద్దాయన మాత్రం ఉన్నచోటే కూర్చున్నారా? 1948లో ‘చంద్రలేఖ’కి పనిచేసినవారు. ఆ డ్రమ్ముల డాన్సుకు పడమటి వాద్యాలు పట్టుకొచ్చినప్పుడు కూడా ఎవరో ఒకరు మీలాగే తిట్టుకునే ఉంటారు.

నాలుగో తీగ: ఆయన పెంచారు, తీసేయలేదు. సరే, నేను కాపలా మనిషినే అడుగుతున్నా అనుకోండి. మీరేం చేశారు? హార్మోనియం మీద వేలు పెట్టి, పెద్దాయన రాగం దొరికాక కదా అబ్బాయిని ఒప్పుకున్నారు! ఆ పాట హిందోళంలో లేకపోతే మీ నాన్నగారిలాగే కట్టేసేవారు. మీరు విన్నది కోటిని కాదు, కోటిలో వాళ్ళ నాన్నని.

రాత్రి షిఫ్టు: అబ్బ, తగిలింది.

సుబ్బలక్ష్మి మనవరాలు: మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కోటి గారబ్బాయి రోషన్ కూడా సంగీత దర్శకుడే. ఆ అబ్బాయిని ఏ తాసులో తూస్తారు, తాతదా, తండ్రిదా?

పాత హార్మోనియం: నిన్న జవాబివ్వలేదు. కోపం వచ్చి కాదు, నాలుగో తీగ గారి మాట నిజమేనేమోనని.

2000లో ఉద్యోగం వెతుక్కుంటూ అమీర్‌పేటలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. కింద జ్యూస్ షాపులో పొద్దస్తమానం ‘నువ్వే కావాలి’ క్యాసెట్ తిరిగేది. ‘అనగనగా ఆకాశం ఉంది’ వచ్చినప్పుడల్లా నేను బకెట్ కుళాయి కింద వదిలేసి మెట్ల మీద నిలబడేవాణ్ణి. నీళ్ళు పొర్లిపోయి ఇంటావిడతో తిట్లు కూడా తిన్నాను. సంగీతం ఎవరిదని చూడలేదు. చూసుంటే నాన్నగారు గుర్తొచ్చి లోపలికెళ్ళిపోయేవాణ్ణేమో. నిన్న రాత్రి మళ్ళీ పెట్టుకున్నా. హార్మోనియం తీయలేదు.

నాలుగో తీగ: అందులో వయొలిన్లు నిజమైనవా, మీట నొక్కినవా?

పాత హార్మోనియం: మీరే విని చెప్పండి. నాకు తేడా తెలియదు.

నాలుగో తీగ: ఇయర్‌ఫోన్స్ మనవడు పట్టుకెళ్ళాడు. రేపు చెప్తా.