అమ్మానాన్నల యూకే విజిట్ వీసా రిజెక్ట్ అయింది, అప్పీలు వేయాల్నా?

పరకాలపోరడు:
మా చెల్లె లీడ్స్‌ల ఉంటది, డెలివరీ దగ్గరపడ్డది. అమ్మానాన్నలకు విజిట్ వీసాకు పెడితే ఇద్దరిదీ రిజెక్ట్. లెటర్ల యూకే విజిటర్ రూల్స్‌ల వి 4.2 (ఎ), (ఇ) అని రాసిండ్రు. నాన్న ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్మిండు, అడ్తి సేటు (కమీషన్ ఏజెంటు) ఇచ్చిన 4,20,000 నగదు ఒక్కరోజే బ్యాంకుల ఏసిండు. పదిరోజులకే అప్లై చేసినం. ఆ పైసలు ఎక్కడియో చూపలేదట. హన్మకొండల ఒక కన్సల్టెన్సీ 60 వేలిస్తే అప్పీలు వేస్తమంటున్నరు. ఏం జేయాలె?

వడ్డేపల్లికట్ట:
ఆ 60 వేలు జేబులనే ఉంచు తమ్మీ. ఒకప్పుడు సొంతోళ్ళను చూడనీకి పోయేటోళ్ళకు అప్పీలు ఉండె. 2011ల మా అత్తమ్మకు వేసి గెలిచినం, జడ్జి ముందట మా బావ పోయి మాట్లాడిండు. 2013 జూన్ 25 నుంచి అది తీసేసిండ్రు. ఆ పాత ముచ్చట చెప్పి ఇప్పటికీ పైసలు గుంజేటోళ్ళున్నరు.

కాజీపేటజంక్షన్:
పూర్తిగా దారి మూసుకుపోలేదు. మానవ హక్కుల కారణం మీద అప్పీలు ఉంది, కానీ పెళ్ళయిన బిడ్డను చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రుల విషయంలో అది నిలబడటం కష్టం. ఇంకోటి జ్యుడీషియల్ రివ్యూ, అంటే ఆఫీసర్ నిర్ణయం చట్టప్రకారం ఉందా అని కోర్టు చూడటం, 3 నెలల్లోపే వేయాలి. కోర్టుకు పోయేముందు వీసా ఆఫీసుకు ప్రీ యాక్షన్ లెటర్ (ముందస్తు నోటీసు) పంపాలి, కొన్నిసార్లు దానికే వాళ్ళు ఫైలు మళ్ళీ తెరుస్తారు. జడ్జి మాత్రం వీసా ఇవ్వడు. మీరు పెట్టిన కాగితాన్ని ఆఫీసర్ చూడకుండా వదిలేస్తే ఈ దారి పనికొస్తుంది. మీరు కాగితమే పెట్టలేదు కదా, కోర్టులో ఏమని అడుగుతారు?

లీడ్స్‌ల_ఓరుగల్లు:
మా నాన్నదీ ఇదే కథ, రెండోసారి వచ్చింది. మొదటిసారి ఐటీ రిటర్న్ లేదు, ఎందుకంటే వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు. అది మనకు తెలుసు, ఫైలు చూసేటోనికి ఎట్ల తెలుస్తది? రెండోసారి పట్టాదారు పాస్‌బుక్, మార్కెట్ల ఇచ్చిన తక్‌పట్టీ పెట్టినం. దాని మీద బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాల్ ధరెంత, కమీషన్ పోను చేతికెంత అన్నీ ఉంటయి. ఆ చివరి అంకె, బ్యాంకుల ఏసిన అంకె ఒక్కటే కావాలె. మాకు 3,000 తేడా వచ్చింది, ఆటో కిరాయి, హమాలీ ఖర్చని లెటర్ల రాసినం. తెలుగు కాగితాలు కదా, అనువాదం పెట్టాలె, అనువాదకుని సంతకం, తేదీ, ఫోన్ నంబర్‌తో. (ఇ) అంటే ఖర్చులకు పైసలున్నయా అని, అది దాంతో తీరుతది. (ఎ) అంటే వాపస్ వస్తరా అని. యాసంగి పంట, ఇంటికాడ ముసలమ్మ, బర్లు, ఏవుంటే అవి రాయుండ్రి.

సుబేదారి_ఆంటీ:
అమెరికాకైతే 214(బి), అంటే తిరిగి వస్తారని నమ్మకం కలగలేదు అని చేతిలో కాగితం పెట్టి పంపుతారు, దానికి అప్పీలే లేదు. నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో మాకు రెండు నిమిషాల్లో అయిపోయింది. 185 డాలర్లు మళ్ళీ కట్టి మళ్ళీ నిలబడటమే. చిలుకూరులో 108 ప్రదక్షిణలు రెండుసార్లు చేశా, బాలాజీ తప్పేం లేదు, వీసా ఫారం డీఎస్-160లో మావారి ఉద్యోగం తప్పు రాశాం.

జగిత్యాలబిడ్డ:
కెనడాల కోర్టు దారి ఉంది. బయటి దేశంల ఉన్నోళ్ళకు 60 రోజుల గడువు. మా తమ్ముడు అక్కడ పీఆర్ (శాశ్వత నివాసి), వాని పేరు మీద 5 డాలర్లు కట్టి ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించినం. వచ్చేసరికి నెల దాటింది, సగం గడువు అండ్లనే పాయె. అడిగేదుంటే రిజెక్ట్ అయిన రోజే అడుగుండ్రి.

పరకాలపోరడు:
అందరికీ థ్యాంక్స్. అప్పీలు వద్దు, మళ్ళీ అప్లై చేస్తం. కన్సల్టెన్సీ ఆయన "కొత్త ఫారంల పాత రిజెక్షన్ రాయకు" అన్నడు. నిజమేనా?

కాజీపేటజంక్షన్:
వద్దు! దాచి దొరికితే 10 ఏళ్ళ నిషేధం. ఆ కన్సల్టెన్సీ నుంచి లేచి వచ్చేయండి.

పరకాలపోరడు:
సరే అన్నా. తక్‌పట్టీ నాన్న ఎక్కడనో పారేసిండు. నకలు ఇస్తరా?

లీడ్స్‌ల_ఓరుగల్లు:
అడ్తి దుకాణంల లెక్కల బుక్కు ఉంటది, లాట్ తేదీ చెప్తే తీసిస్తరు. తెల్లారంగనే పో, వేలం మొదలైనంక నిన్ను చూసేటోడు ఉండడు. సేటు స్టాంపు, సంతకం మరువకు.