తెలుగు స్టెన్సిల్ ఫాంటు: బ్రిడ్జిలు కోతకు నిలవాలా, చూపుకు బాగుంటే చాలా?

బండక్షరం: స్టెన్సిల్ అంటే రంగు వేయడానికి అక్షరం కోసిన రేకు, అందులో మధ్య ముక్క ఊడిపోకుండా కోయకుండా వదిలే పట్టీ బ్రిడ్జి. పోస్టర్లకు వాడే బరువైన స్టెన్సిల్ ఫాంటులో ప్రతి అక్షరమూ రేకులో కోస్తే నిలిచేలా ఉండాలన్న పట్టు అనవసరం. 1937లో అమెరికన్ టైప్ ఫౌండర్స్‌కు గెరీ పావెల్, లడ్లో అనే మరో టైపు కంపెనీకి హంటర్ మిడిల్టన్ చేసిన స్టెన్సిల్ టైపులు రెండూ లోహపు అచ్చులే. సరుకు పెట్టెల మీది రంగు ముద్రల రూపం మాత్రమే తీసుకున్నారు. 1929 నాటి ఫ్యూచురా బ్లాక్ అనే స్టెన్సిల్ తరహా టైపు కూడా కోయడానికి గీసింది కాదు.

రేకుపని: ఒప్పుకోను. ఇంగ్లిషు క్యాపిటల్స్‌లో మధ్య ముక్క ఊడేవి ఏ, బీ, డీ, ఓ, పీ, క్యూ, ఆర్, ఏడే. మనకు సున్నా, ర, ఠ, వ, మ, వీటిపైన గుడి! ఫాంటు చేతికొస్తే జనం కోయిస్తారు. ఇనుప రేకుకు లేజర్ కోతలో బ్రిడ్జి మరీ సన్నగా ఉంటే వేడికి వంకర పోవచ్చు, రంగు తుడిచేటప్పుడు వంగవచ్చు. 250 మైక్రాన్ల మైలార్ (ప్లాస్టిక్) షీటులో 100 మి.మీ. అక్షరానికి 5 మి.మీ. పెట్టండి. అసలు చిక్కు ఒత్తులతో. అక్షరాన్ని 65 శాతానికి కుదించి ఒత్తు చేస్తే ఆ 5 కాస్తా 3.25 అవుతుంది. ఒత్తుల్లో బ్రిడ్జి విడిగా గీయాల్సిందే. అక్షరానికీ ఒత్తుకూ మధ్య షీటు కూడా అంతే వెడల్పు ఉండాలి.

తలకట్టు: వెడల్పు సరే, చోటు మాటేమిటి? వ, ప తేడా అంతా ఎడమ గిన్నె పైభాగంలోనే ఉంది. వ తలకట్టు కలిసే చోట బ్రిడ్జి వేశారా, ‘వల’ ‘పల’ అయిపోతుంది. ఆ కలయికను ముట్టుకోకుండా గిన్నె అడుగున కోయండి. సున్నాను పైనా కిందా నిలువుగా చీలిస్తే రెండు బ్రాకెట్లలా కనిపిస్తుంది. గడియారంలో ఒంటిగంట, ఏడు గంటల దిక్కుల్లో వాలుగా చీల్చండి. ఒక్క బ్రిడ్జితో సరిపెడితే మధ్య ముక్క ఊగి, స్ప్రే దాని కిందికి పాకుతుంది.

బండక్షరం: వ విషయంలో తలకట్టు గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం, అది తెర మీదా వర్తిస్తుంది. కానీ తెరకు లెక్క వేరు. ఫాంటు సైజును 1000 భాగాలు (యూనిట్లు) చేసి గీస్తే, 50 యూనిట్ల బ్రిడ్జి 16 పిక్సెళ్ల సైజులో 0.8 పిక్సెల్, అంటే మాసిన మచ్చ. సైజు 40 పిక్సెళ్లకు చేరితేనే బ్రిడ్జికి 2 పిక్సెళ్లు వస్తాయి. వెనక లైటు పెట్టే బోర్డులో వెలుగు పాకి సందు పూడుతుంది, అక్కడ 70 యూనిట్లు కావాలి. రేకు కొలతలు ఇవేవీ చెప్పవు.

రేకుపని: అలాగైతే రెండు ఫైళ్లు ఇవ్వండి, కోతకు పనికొచ్చేదేదో పేరులోనే రాయండి. పరీక్ష సులువే: ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పదాన్ని పాత్‌గా (గీతలుగా) మార్చి, యూనియన్ చేసి, బ్రేక్ అపార్ట్ కొట్టండి. ఒక గీత లోపల మరో గీత చిక్కుకుని ఉంటే ఆ ముక్క ఊడేదే. విడి అక్షరాలతో ఆపకండి, ‘కి’, ‘ర్మిం’ లాంటి గుణింతాలూ ఒత్తులూ కలిపి చూడండి.