వాట్సాప్ గ్రూపుండగా మళ్ళీ గెట్ టుగెదర్ ఎందుకండీ?

లంకగాలి: మా పదో తరగతి బ్యాచ్ సంక్రాంతికి దిండి రిసార్టులో ఆత్మీయ సమ్మేళనం అంటున్నారు, మనిషికి మూడు వేలు ఫోన్‌పే చెయ్యాలంట. ఎవడికి బట్టతలొచ్చిందో, ఎవరమ్మాయికి ఎక్కడ సీటొచ్చిందో రోజూ గ్రూపులో చూస్తూనే ఉన్నాం, ఇంక కలిసి కొత్తగా చెప్పుకునేదేంటి? మీవి ఎలా జరిగాయో చెప్పండి, కట్టాలా వద్దా.

రాజోలు బుల్లోడు: కట్టొద్దు. మా దాంట్లో సగం డబ్బు ఫ్లెక్సీలకే పోయింది. ఎక్కువిచ్చిన అమెరికా ఆయన నిలువెత్తు ఫొటో, మేమంతా కింద వరసలో పోస్టల్ స్టాంపులంత.

పాలకొల్లు ఆడపడుచు: "గ్రూపులో అందరూ ఉన్నారు" అంటారు, ఆ అందరూ ఎవరండీ, మగాళ్ళే కదా. పెళ్ళై ఇంటిపేరు మారిపోయాక మమ్మల్ని ఫేస్‌బుక్కులో ఎవరు పట్టుకుంటారు. నా బెంచీలో కూర్చునే పిల్ల కువైట్‌లో ఇంటిపనికెళ్ళింది, నంబరు వాళ్ళమ్మ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. సమ్మేళనం అన్నారు కాబట్టే మా వాడొకడు బండేసుకుని వాళ్ళూరెళ్ళి తెచ్చాడు. వీడియో కాల్లో ఇద్దరం ముఖాలు చూసుకుని ఏడుస్తుంటే ఈలోగా అక్కడ మేడమ్ పిలిచింది, పెట్టేసింది.

గ్రూప్ అడ్మిన్ గారు: ఆర్కుట్ 2014లో మూసేసినప్పుడు మా వాళ్ళ నంబర్లన్నీ డైరీలోకి ఎక్కించింది నేనే. వాట్సాప్ గ్రూపుకి 256 మందే పట్టే రోజుల్లో రెండు గ్రూపులు నడిపా, ఇప్పుడు 1024 మంది పడతారు. కాబట్టి నా మాట వినండి, గ్రూపు సరిగ్గా నడిపితే మీటింగులు అక్కర్లేదు.

రాజోలు బుల్లోడు: మరి 2024 ఎలక్షన్లప్పుడు మీ గ్రూపు రెండు ముక్కలైందంట కదండీ, గుడ్ మార్నింగులు కూడా ఎవరివి వాళ్ళవేనంట!

భీమారం బాబాయ్: ఆ గోలెందుకు గానీ, మాది మాత్రం అదిరిపోయింది. జనవరిలో అందరికీ పులస పులుసు పెట్టాం. వాట్సాప్‌లో పెడతారా పులస?

యానాం పంటు: జనవరిలో పులసేంటండీ బాబూ?

భీమారం బాబాయ్: డబ్బులు పారేస్తే ఎప్పుడైనా దొరుకుద్ది.

యానాం పంటు: మా తాతల్నించీ చేపల యాపారవేనండి మాది. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలసే. వరదలొచ్చి ఎర్రనీరు తగిలాక గోదాట్లో ఎదురీదుకుంటూ ధవళేశ్వరం వైపు ఎక్కుద్ది చూడండి, అప్పుడు పులస. అంటే జూలై నుంచి సెప్టెంబరు లోపే. మీకు పెట్టింది ఒడిశా నుంచి ఐసుపెట్టెలో దిగిన సరుకు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు, మీరు పుస్తెలమ్మి ఇలస తిన్నారు, ఆయ్.

భీమారం బాబాయ్: నువ్వొచ్చి తిన్నావా? నాలుక నాది. ఎటకారాలు తగ్గించుకో.

లంకగాలి: అయ్యా, నేనడిగింది చేప గురించి కాదు.

న్యూజెర్సీ కోనసీమోడు: ఆ ఫ్లెక్సీ మేం అడగమండీ, వాళ్ళే వేసి తర్వాత బిల్లు పంపిస్తారు.

రిటైర్డ్ లెక్కల మేష్టారు: ఏటా ఏదో ఒక బ్యాచ్ పిలుస్తుంది. శాలువాలు బీరువాలో పట్టడం లేదు నాయనా. వరసగా వచ్చి కాళ్ళకి దండం పెట్టి ఫొటో దిగి పోతారు, ఆ ఉపన్యాసాలు అయ్యేసరికి నా సుగరు మాత్ర టైము దాటిపోతుంది. క్రితంసారి కొబ్బరి దింపు తీసే కుర్రాడొకడు, వాడిది మీటల ఫోను, ఏ గ్రూపులోనూ లేడు, స్టేజీ కూడా ఎక్కలేదు. బయట నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని బొండాం చెక్కిచ్చి, "మీ బెత్తం దెబ్బ ఇదిగోనండి" అని అరచెయ్యి చూపించాడు. చూస్తే అంతా కాయలు కాసి ఉంది. చాలాసేపు కబుర్లు చెప్పాడు. ఫొటో తియ్యలేదెవరూ.

పాలకొల్లు ఆడపడుచు: మేష్టారూ, నమస్కారమండి. మీరు ఏ హైస్కూల్లో చేశారండి?

యానాం పంటు: బాబాయ్, కోపమొద్దు. ఆగస్టులో మా రేవుకి రండి, అసలైంది ఇప్పిస్తా. ధర మాత్రం అడక్కండి.

భీమారం బాబాయ్: కేజీ ఎంతుంటదేంటి?