"భూమి అదిరింది" అని రాస్తే తప్పా?

హనుమకొండ అమ్మ:
మా పాప ఏడో తరగతి. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర వచ్చిన భూకంపం గురించి వ్యాసంలో "భూమి అదిరింది" అని రాస్తే సారు ఎర్రగీత కొట్టి "కంపించింది" అని దిద్దారు, అదిరింది అనేది సినిమా భాష అన్నారట. పాప చాలా చిన్నబోయింది. నిజానికి అది మా అత్తమ్మ మాట. ఆ పొద్దున ఏడున్నర కావస్తుండగా గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటే, పొయ్యి బంద్ చేసి "భూమి అదురుతున్నది, బయటికి రండి" అని కేకేసింది. అదురుకు, వణుకుకు తేడా ఏంటి? ఇక్కడ ఏది రాయాలి?

కాజీపేట:
అత్తమ్మగారి మాటే సరైనది. వణుకు లోపల పుట్టి సాగుతూ ఉంటుంది, చలికో జ్వరానికో భయానికో. ఇగానికి గజగజ వణుకుతాం గానీ ఇగానికి అదిరాం అని ఎవరైనా అంటారా? అదురు ఒక దెబ్బకో మోతకో వస్తుంది. డప్పు గట్టిగా కొడితే గుండె అదురుతుంది.

జనగామ:
దెబ్బ తగలకుండానే కన్ను అదురుతుంది కదా, కాబట్టి దెబ్బ ఒక్కటే కారణం కాదు. ఉండుండి ఠక్కున కదిలేది అదురు అంటే బాగుంటుంది. పెదవులు చూడండి, చలికి వణుకుతాయి, అదే ఏడుపు ఆపుకుంటే అదురుతాయి.

భూపాలపల్లి:
మాది ఓపెన్‌కాస్టు గని పక్క ఊరు. బ్లాస్టింగ్ అయితే ఇల్లు అదిరింది అనే అంటాం, గోడ పగుళ్లు కూడా చూపిస్తాం. ఇల్లు వణికింది అన్నవాళ్లు మా ఊళ్లో లేరు.

కాజీపేట:
కన్ను సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఇక సినిమా భాష అన్నదానికి: 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనే అదురు ఉంది. కన్నడంలో అదిరు, తమిళంలో అదిర్. తమిళులు భూకంపాన్ని నిల అదిర్వు అని కూడా రాస్తారు. కంపం సంస్కృతం నుంచి వచ్చింది, అదీ మంచి మాటే, కానీ దానికోసం దీన్ని కొట్టేయడం అన్యాయం. బాగుంది అనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

హనుమకొండ అమ్మ:
చాలా థాంక్స్ అండి. బ్రౌన్‌లో ఆ పేజీ ప్రింట్ తీసుకుని సోమవారం సారును కలుస్తా, పాపను కూడా తీసుకుపోతా. ఇవన్నీ అత్తమ్మకు చదివి వినిపిస్తే, టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి చూపించి "ఇది వణుకు బిడ్డా, అదురు కాదు" అన్నది.