కళ్ళకు కడితే కనపడుతుందా?

తెరచాటు:

సభ్యులకు నమస్కారం. ఈ ప్రశ్న నాది కాదు, ఎనిమిదేళ్ల మా మనవరాలిది. జవాబు చెప్పలేక ఇక్కడికి మోసుకొచ్చాను.

పోయిన ఆదివారం దాన్ని నాటిక పోటీలకు తీసుకెళ్ళాను. రంగస్థలం మీద మనుషులు ఆడగా చూడటం దానికి అదే మొదలు. ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోతున్న ఒక ముసలాయన కథ, గంటసేపు. అరుగు మీద ఒక కుర్చీ, ఒక లాంతరు, అంతకు మించి సామాను లేదు. చివర్లో ఆ వేషం కట్టినాయన ఖాళీ చెయ్యి చాపి, లేని తలుపు దగ్గరికి లాగి, లేని గొళ్ళెం పెట్టాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో అని ఒకసారి గుంజి చూశాడు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు.

బయటికి వచ్చి, అలవాటు ప్రకారం మిఠాయి దుకాణానికి నడిచాం. నాటకం చూసి నోరు తీపి చేసుకోకుండా ఇల్లు చేరడం మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంటా వంటా లేదు. మడత కాజాలు పొట్లం కట్టిస్తూ దుకాణదారుతో అన్నాను, "ఆ తలుపును కళ్ళకు కట్టినట్టు చూపించాడండీ" అని. పక్కనుంచి వచ్చింది ప్రశ్న: "తాతయ్యా, కళ్ళకు కడితే ఏమీ కనపడదు కదా?"

నిజమే కదా. కళ్ళకు గంతలు కట్టినట్టు అంటే ఏమీ కనపడకపోవడం. కళ్ళకు కట్టినట్టు అంటే అంతా కనపడటం. అవే కళ్ళు, అదే కట్టు. మధ్యలో గంతలు తీసేస్తే చూపు వచ్చేసిందా? దుకాణదారు ఒక కాజా దాని చేతిలో పెట్టి సమస్యను అప్పటికి వాయిదా వేశాడు. నాకు ఆ వెసులుబాటు లేదు, రోజూ అడుగుతోంది.

కిటికీసీటు:

మధ్యలో ఏదో మాట రాలిపోయి ఉంటుందండీ. మొదట "కళ్ళకు అద్దాలు కట్టినట్టు" అని ఉండేదేమో. అద్దాలు కడితే చక్కగా కనపడుతుంది. కళ్ళజోళ్ళు వచ్చాక పుట్టిన పలుకుబడి అయి ఉండవచ్చు.

పాతపెట్టె:

ఊహ ముచ్చటగా ఉంది నాయనా, కాని నిలవదు. కళ్ళజోడు పెట్టుకుంటాం, కట్టుకోం. అర్థం కుదరనప్పుడల్లా ఒక మాట రాలిపోయిందని చెప్పడం మొదలుపెడితే ఏ పదానికైనా ఏ కథైనా అల్లవచ్చు. దాన్నే కట్టుకథ అంటారు, అదీ ఈ కట్టే.

ఇక్కడ రాలిపోయింది ఏమీ లేదు. క్రియ ఒకటే, దాని నడక రెండు రకాలు. ఒకరు పూనుకుని కట్టడం ఒకటి, తనంతట తాను కట్టడం ఇంకొకటి. గంతలు ఎవరో కడతారు. పాల మీద మీగడను ఎవరు కట్టారు? బావి మెట్ల మీద నాచు కడుతుంది, నూనె చలికి గడ్డ కడుతుంది, మానుతున్న పుండు పక్కు కడుతుంది. ఈ వాక్యాల్లో కట్టేవాడి కోసం వెతికితే దొరకడు. ఏర్పడటం, పేరుకోవడం, వదలకుండా నిలవడం, ఇదీ ఇక్కడి అర్థం. "ఆ దృశ్యం నా కళ్ళకు కట్టింది" అన్నప్పుడు దృశ్యమే కర్త. పాల మీద మీగడ నిలిచినట్టు అది కంటి మీద నిలిచింది. పాప వాక్యంలో గుడ్డ కర్మ, కట్టేది దాగుడుమూతలాడే స్నేహితురాలు. తాతగారి వాక్యంలో తలుపే కర్త.

నాటకం వాళ్ళ మాటే మరొకటి చూడండి, "రక్తి కట్టడం". రక్తి సంస్కృతం, రంజ్ ధాతువు నుంచి వచ్చింది. రంగు అంటడం, మనసు అంటుకోవడం రెండూ ఆ ధాతువుకు అర్థాలే. రాగం, రంజనం, ఎర్రగా ఉండే రక్తం అందరూ ఆ ఇంటివాళ్ళే. రంగస్థలంలోని రంగాన్ని కూడా అక్కడికే చేరుస్తారు. ఇంత పెద్ద సంస్కృత కుటుంబానికి తెలుగు "కట్టు" తోడైతే తప్ప మనకు నాటకం పండినట్టు అనిపించదు. ఇప్పుడు ఈ రెండు పక్కపక్కన పెట్టండి: "ఇల్లు కట్టించాడు", "నాటకాన్ని రక్తి కట్టించాడు". మొదటిదానిలో మేస్త్రీ ఉన్నాడు. రెండోదానిలో ఎవరి చేత కట్టించాడు? ఎవరి చేతా కాదు, దానంతట అది కట్టేలా చేశాడు. రెండు నడకలున్నాయనడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

బెల్లంముక్క:

మాస్టారూ, మీరు వ్యాకరణంలో చెప్పింది మా వంటింట్లో రోజూ జరుగుతుంది. "రవ్వతో ఉండలు కట్టాను" అంటే ఇంటిల్లిపాదీ చెయ్యి చాపుతారు. "రవ్వ ఉండలు కట్టింది" అంటే ఉప్మా పాడైందని అర్థం. అదే రవ్వ, అవే ఉండలు. నేను కడితే మిఠాయి, అది కడితే తలనొప్పి.

అరిసెల పాకం దగ్గర మాత్రం ఈ రెండూ కలిసిపోతాయి. పళ్ళెంలో కాసిని చన్నీళ్ళు పోసి పక్కన పెట్టుకుంటాం. మరిగే బెల్లం పాకం చుక్క ఒకటి అందులో వేస్తాం. నీళ్ళలో కరిగి గోధుమరంగు మరకలా పాకితే ఇంకా రాలేదని. వేలితో దగ్గరికి తోస్తే జారకుండా మెత్తని గోళీలా నిలిచిందా, తక్షణం దించి పిండి పోయాలి. ఇంకొంచెం ఆగితే ఆ గోళీని పళ్ళేనికి కొడితే ఠంగుమంటుంది. అది వేరుశనగ ఉండలకు పనికొస్తుంది కాని, దానితో అరిసెలు చేస్తే తినడానికి సుత్తి కావాలి. ఆ కాసేపట్లో పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు అడిగేది ఒకటే మాట: "పాకం ఉండ కట్టిందా?"

చూశారా, వేలు నాది, తోసింది నేను. అయినా కర్త పాకమే. నా వేలు ఊరికే సాయం. ఆ ముసలాయన వేషగాడి చెయ్యీ అలాంటిదేనేమో. ఆయన సాయం చేశాడు, తలుపు తానే కట్టింది.

కిటికీసీటు:

నా అద్దాలను వెనక్కి తీసుకుంటున్నాను. కాని అక్కా, లడ్డూలు చుడతారు కదా, కట్టడం ఏమిటి? మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

బెల్లంముక్క:

మా అత్తగారింట్లో చుడతారు, మా అమ్మ ఇంట్లో కడతారు, నేను చేస్తాను. రుచిలో తేడా లేదు. బందరు లడ్డూకైతే ఈ రెండింటికన్నా ముందు తొక్కడం ఉంది. శనగపిండి పూసను వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ రోకలితో దంచుతారు. అందుకే అది తొక్కుడు లడ్డు. కాళ్ళతో తొక్కుతారని భయపడి తినని మనిషిని నేనెరుగుదును. పచ్చడి తొక్కడంలో ఉన్న తొక్కే ఇదీ. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇకనైనా ధైర్యంగా తినమనండి.

తుంగభద్ర:

మాది కన్నడ సరిహద్దు. అక్కడ "కణ్ణిగె కట్టిదంతె" అంటారు, అచ్చంగా ఇదే మాట, ఇదే అర్థం. కాబట్టి పొరుగు భాషతో పంచుకున్న ఆస్తి ఇది.

అయితే పాప పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కనికట్టు ఉంది కదా? కన్ను, కట్టు. తమిళంలోనూ గారడీని కణ్‌కట్టు విద్య అంటారు. ఇందులో కట్టేవాడు ఉన్నాడు, మన కళ్ళు కట్టేస్తాడు. కాకపోతే గుడ్డతో కాదు, తెరిచి ఉంచే కట్టేస్తాడు. నాకు నాటకం ఈ రెండింటి మధ్య ఉన్నట్టు తోస్తుంది.

చిన్నప్పుడు సురభి వాళ్ళ ఆట చూశాను. తోలుబొమ్మలాడించే కుటుంబాల వాళ్ళు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడటంతో మొదలైన సమాజం అది. బొమ్మలకు పుల్లలు కట్టి ఆడించిన చేతులే మనుషులకు తీగలు కట్టి గాలిలోకి లేపడం నేర్చాయేమో అనిపిస్తుంది. నారదుడు పైనుంచి దిగుతుంటే నేను కూర్చున్న చోటికి తీగ మెరుస్తూ కనపడింది. మా అన్నయ్యకు చూపిద్దామని మోచేత్తో పొడిచాను కూడా. ఆశ్చర్యమేమిటంటే, తీగ కనపడ్డాక కూడా నారదుడు గాలిలోనే ఉన్నాడు. ఇప్పటికీ తలచుకుంటే ముందు నారదుడే కనపడతాడు, తీగను పనిగట్టుకుని గుర్తు చేసుకోవాలి. తీగ కట్టింది మనిషి, కళ్ళకు కట్టింది నారదుడు.

పాతపెట్టె:

"పనిగట్టుకుని"! మీకు తెలియకుండానే ఇంకోటి వేశారు.

రంగస్థలం చుట్టూ ఈ క్రియ ఎంత పని చేస్తుందో చూస్తే జాలేస్తుంది. వేషం కట్టాలి, గజ్జె కట్టాలి, పద్యానికి వరస కట్టాలి. తెర దగ్గర మాత్రం ఒక చిన్న చరిత్ర ఉంది. భాగవతాల్లో పాత్ర ప్రవేశానికి ఇద్దరు మనుషులు చెరో కొసా అందుకుని తెర పట్టేవారు. తర్వాతి నాటకాలకు తెర కట్టారు. పట్టు పోయి కట్టు వచ్చింది, మనిషి చెయ్యి పోయి తాడు వచ్చింది. పాకాన్ని ఇప్పటికీ పడుతూనే ఉన్నాం, ఎందుకంటే దాన్ని వదిలి పక్కకు వెళ్ళడానికి లేదు.

నాటకానికీ మిఠాయికీ చుట్టరికం తెరచాటు గారి నాన్నగారితో మొదలు కాలేదు. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో తానే ప్రశ్న వేసుకుంటాడు: "రస ఇతి కః పదార్థః?" రసం అంటే ఏమిటని. జవాబు కూడా తానే చెప్తాడు: "ఆస్వాద్యత్వాత్". రుచి చూడదగినది కాబట్టి రసం. అక్కడ పోలిక కోసం ఆయన తెచ్చింది దేవుణ్ణీ కాదు, వేదాన్నీ కాదు. బెల్లం మొదలైన ద్రవ్యాలూ వ్యంజనాలూ కలిస్తే షాడవం అనే తినుబండారం లాంటి రసాలు ఏర్పడతాయి, అలాగే భావాలు కలిస్తే నాట్యరసం ఏర్పడుతుంది అన్నాడు. బెల్లంముక్క గారు పళ్ళెంలో నీళ్ళు పోసి చెప్పింది ఆయన చెప్పినదానికి దూరం కాదు.

కిటికీసీటు:

అంటే నాటకం అయ్యాక మిఠాయి తినడం శాస్త్రసమ్మతమే అన్నమాట.

పాతపెట్టె:

నీకు కావలసింది నువ్వు తీసుకున్నావు.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ఈ మధ్య ఏ నాటక సమీక్ష చూసినా "కళ్ళకు కట్టినట్టు నటించారు" అని రాసి ఊరుకుంటున్నారు. ఏది కట్టిందో చెప్పరు. కర్త లేకుండా కట్టడం ఎలా? నటుడు కళ్ళకు కట్టడు, అతను చూపించిందేదో కడుతుంది. తెరచాటు గారు తలుపు అన్నారు, గొళ్ళెం అన్నారు, వెనక్కి వచ్చి గుంజడం అన్నారు. ఆ నాటిక నేను చూడలేదు, అయినా ఆ గొళ్ళెం నాకూ కట్టింది.

తుంగభద్ర:

మాస్టారూ, అలాగైతే "నీ ఆట కట్టు"లో కర్త ఎవరు?

పాతపెట్టె:

అది ఆగిపోవడం. ఆట తానే ఆగితే కట్టు, ఎవరైనా ఆపితే కట్టించడం. దుకాణం కట్టేయడం కూడా ఆ వరసలోదే. ఇక మా ఇంట్లో దీపం కట్టేయమంటున్నారు, ఉంటాను.

తెరచాటు:

అందరికీ కృతజ్ఞతలు. ఫలితం చెప్పకపోతే బాగుండదు.

మాస్టారు చెప్పినట్టు రాత్రి పాల గ్లాసు ముందు పెట్టి అడిగాను, "ఈ మీగడ ఎవరు కట్టారే?" అని. కాసేపు గ్లాసులోకి చూసి, "ఎవరూ కట్టలేదు, అదే కట్టింది" అంది. "ఆ రోజు తలుపూ అంతే" అన్నాను. ఒప్పుకున్నట్టే తల ఊపింది కాని, మీగడ మాత్రం ఎప్పటిలాగే వేలితో తీసి గ్లాసు అంచుకు రాసింది. దానికి మీగడ పడదు. పోలిక ఎంచుకోవడంలో తొందరపడ్డానని అప్పుడు తెలిసింది.

ఈ ఆదివారం పోటీల ఆఖరి రోజు, మళ్ళీ వెళ్ళాం. ఆలస్యంగా చేరడంతో వెనక వరసల్లో కూర్చోవలసి వచ్చింది. నాటిక మంచిదే, నాకు నచ్చింది. తర్వాత జిలేబీ తింటూ, ఎలా ఉందని అడిగాను. పాకం కారుతున్న వేళ్ళు నాకి, ఆలోచించి చెప్పింది:

"నాటకం కళ్ళకు కట్టలేదు తాతయ్యా. ముందాయన తలపాగా కట్టింది."