హాలు వాక్‌త్రూకి బ్లెండర్ 4.2 ఈవీ సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే, నేను బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇంటీరియర్ రెండర్లు (గదుల 3డీ బొమ్మలు) చేస్తుంటా, ఇన్నాళ్లూ ఫైనల్ అంతా దాంట్లోని సైకిల్స్‌లోనే (కాంతిని నిజంలా లెక్కగట్టే, కానీ నెమ్మదైన రెండర్ ఇంజిన్). 2024లో వచ్చిన 4.2లో ఈవీని (Eevee, బ్లెండర్‌లోనే ఉన్న వేగవంతమైన రెండర్ ఇంజిన్) మొత్తం తిరగరాశారు, రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టడం) కూడా పెట్టారు కదా, మరి హాలు వాక్‌త్రూ (గదిలో నడుస్తున్నట్టు చూపే వీడియో) దాంట్లో చేసేయొచ్చా? పెద్ద అద్దం ఉంది, గ్రానైట్ ఫ్లోరు.

జవాబు 1:
బ్రో, అది స్క్రీన్ స్పేస్ రే ట్రేసింగ్, అంటే ఫ్రేములో కనిపించే వాటి నుంచే రిఫ్లెక్షన్ తీసుకుంటుంది, కెమెరా వెనకున్న సోఫా అద్దంలో సరిగ్గా రాదు. అద్దం మీద ప్లేన్ లైట్ ప్రోబ్ (చదునైన తలంలో ప్రతిబింబం సరిగ్గా పట్టే వస్తువు) పెట్టు, గదికి వాల్యూమ్ ప్రోబ్ (గదిలో పరుచుకున్న కాంతిని పట్టేది) పెట్టి బేక్ చెయ్యి (ముందే లెక్కగట్టి దాచు), గోడల మీద బౌన్స్ లైట్ (తగిలి తిరిగొచ్చే వెలుతురు) చాలా బాగుంటుంది. ప్లేన్ ప్రోబులు ఎక్కువ పెట్టకు, సీన్ మళ్లీ మళ్లీ రెండర్ చేస్తుంది కాబట్టి స్లో అవుద్ది. స్టిల్స్‌కి (కదలని ఫొటోలకి) నా ఓటు సైకిల్స్‌కే.

జవాబు 2:
కిటికీ దగ్గర ఎండ తెల్లగా మాడిపోతుంటే వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రంగులు, వెలుతురు స్క్రీన్ మీద ఎలా కనిపించాలో నిర్ణయించే సెట్టింగ్) ఏజీఎక్స్‌లో (AgX) ఉందో లేదో చూడు, 4.0 నుంచి కొత్త ఫైల్‌కి అదే డిఫాల్ట్, పాత ఫైల్ అయితే అంతకుముందు డిఫాల్ట్ అయిన ఫిల్మిక్‌లోనే ఉండిపోతుంది. సైకిల్స్‌లో లైట్ లింకింగ్ (ఒక లైట్ ఏ వస్తువుల మీద పడాలో ఎంచుకోవడం) కూడా 4.0లోనే వచ్చింది, పూజగది తలుపు మీద మాత్రమే పడేలా ఒక లైట్ పెట్టుకోవచ్చు, నాకు భలే నచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా ఇద్దరికీ, నాది పాత ఫైలే, ఫిల్మిక్‌లోనే ఉంది. వాక్‌త్రూ ఈవీలో, స్టిల్స్ సైకిల్స్‌లో చేస్తా.